డాండెలియన్ విత్తనానికి మన అదను కార్తీకం

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్ ఆదివారం పుస్తకంలో పెరటి తోటల పేజీ వదలకుండా చదివే ఇళ్ళలో మాది ఒకటండి. ఈమధ్య ఆ పేజీలో డాండెలియన్ గురించి, అదే, ఊదితే గింజలు గాల్లో ఎగిరే చల్లటి దేశాల పువ్వు మొక్క గురించి వేశారు. విత్తనాలు ఎక్కడ చల్లినా మొలుస్తాయి, వసంతంలో విత్తుకోవాలి, ఆకులు లివర్‌కి మంచివి అని నాలుగు ముక్కల్లో తేల్చేశారు. చదివాక నాకు కోపం రాలేదు గానీ కంగారొచ్చింది. ఎందుకంటే ఆ వసంతం అన్న ఒక్క మాట పట్టుకునే నేను మొదటి ఏడాది విత్తనాలన్నీ పోగొట్టుకున్నాను, రెండో ఏడాది ఇంకో తప్పు చేసి మళ్ళీ పోగొట్టుకున్నాను, మూడో ఏడాదికి గానీ మా పెరట్లో ఆ పువ్వు చూడలేదు. మీ పేజీ చదివి ఇప్పుడు ఎంతమంది విత్తనాలు కొంటారో, వాళ్ళంతా ఉగాది వెళ్ళాక ఎర్రటి ఎండలో చల్లుకుని, మన చేతిలో ఏదో లోపం ఉందనుకుని వదిలేస్తారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదైనా దయచేసి చదవండి.

మాది కోనసీమలో అంబాజీపేట మండలంలో ఒక పల్లెటూరు. నాకు ఈ మొక్క మీద ఆశ పుట్టించింది మా చిన్నమ్మాయి. అది అయిదో తరగతిలో ఉండగా ఇంగ్లీషు పుస్తకంలో ఒక బొమ్మ చూపించి, "అమ్మా, ఇది మన ఊళ్ళో ఎక్కడుంటుంది?" అంది. తెల్లగా గుండ్రంగా దూది బంతిలాంటి పువ్వు, ఒక పాప నోటితో ఊదుతుంటే గింజలు గాల్లో ఎగురుతున్నాయి. నేను దాన్ని కాలువ గట్టుకి తీసుకెళ్ళి, ఎండిన జిల్లేడు కాయ విప్పి, లోపలి దూది గింజల్ని ఊది చూపించాను. చూసి నవ్వింది గానీ, "ఇది కాదమ్మా, అది బంతిలా ఉంటుంది కదా" అంది. పిల్లలకి ఆ పువ్వు పుస్తకాల్లో తెలుసు, కార్టూన్లలో తెలుసు, నోట్‌బుక్ అట్టల మీద తెలుసు, చేత్తో పట్టుకున్న పిల్ల మాత్రం మా చుట్టుపక్కల ఒక్కతీ లేదు. ఎలాగైనా ఒకసారి దాని చేతికి ఆ బంతి ఇవ్వాలి అనుకున్నాను, అంతే.

ఆన్‌లైన్‌లో ఒక పేకెట్ తెప్పించాను. వెనకాల మార్చి నుంచి మే దాకా విత్తండి అని ఉంది. అలాగే ఉగాది వెళ్ళిన వారానికి, దొడ్లో బావి పక్కన నేల తవ్వి, వేలితో గాట్లు పెట్టి, గింజ వేసి మట్టి కప్పాను, బెండ గింజలు వేసినట్టే. రోజూ రెండు పూటలా నీళ్ళు. నెల గడిచింది, ఏప్రిల్‌లో కాలువ కట్టేశారు, నీటికి ఇబ్బంది మొదలైంది, అక్కడ గడ్డిపరక తప్ప ఏమీ లేవలేదు. ఇప్పుడు తలుచుకుంటే అందులో రెండు తప్పులు. ఒకటి, డాండెలియన్ గింజకి వెలుతురు తగలాలి, మట్టి కప్పితే చాలావరకు నిద్రలోనే ఉండిపోతుంది. రెండోది, అసలు పెద్ద తప్పు, ఆ మార్చి మనది కాదు. ఆ పేకెట్ మీద రాసింది మార్చిలో మంచు కరిగే దేశాల లెక్క. అక్కడ మార్చిలో పగలు కూడా మనకి డిసెంబరు తెల్లవారుజాము కన్నా చల్లగా ఉంటుంది. ఈ గింజ బాగా మొలిచేది 10 నుంచి 25 డిగ్రీల మధ్యన, 30 దాటితే మొలకలు బాగా తగ్గిపోతాయి. మనకి ఉగాది వెళ్ళాక మధ్యాహ్నం ఎండ 35, 36, ఆ తర్వాత 40. విత్తనం మంచిదే అయ్యుంటుంది పాపం, పొయ్యి మీద వేసినట్టు వేశాను.

రెండో ఏడాది, ఎండ కదా చంపింది, వానాకాలం వేస్తే సరి అనుకున్నాను. శ్రావణ మాసంలో చల్లాను. ఈసారి మట్టి కప్పలేదు, పైనే చల్లి అరచేత్తో ఒత్తాను. పది పన్నెండు మొలిచాయి కూడా, మా అమ్మాయి రోజూ స్కూలుకి వెళ్ళేముందు లెక్కపెట్టేది. తర్వాత ముసురు పట్టింది. మా పెరడు నల్లమట్టి, వాన పడితే జిగురు, నీరు దిగదు, చెప్పు పెడితే చెప్పు ఉండిపోతుంది. నాలుగో రోజు చూసేసరికి మొలకలన్నీ మొదట్లో దారంలా సన్నబడి పక్కకి వాలిపోయాయి. మిరప నారుమడి పోసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, నారుకుళ్ళు. వారం తిరక్కుండా ఒక్కటి మిగల్లేదు.

దారి చూపించింది కడియపులంకలో ఒక నర్సరీ కుర్రాడు. ఆ ఏడాది నవంబరులో సంక్రాంతి పూలకోసం నారు తెచ్చుకుందామని మా ఆయనతో బండి మీద కడియం వైపు వెళ్ళాం. అక్కడ వరసలు వరసలుగా చామంతి, బంతి, డాలియా, పెటూనియా కవర్లలో పెట్టి ఉన్నాయి. మీ దగ్గర డాండెలియన్ ఉందా అని అడిగితే లేదు, ఎవరూ అడగరు అన్నాడు. నా అవస్థ చెప్పాను. విని, "అది చామంతి కుటుంబమే కదక్కా, చలి పూలు పెట్టేటప్పుడు పెట్టి చూడకపోయారా, డాలియాని మీరు వైశాఖంలో వేస్తారా?" అన్నాడు. నాకు అక్కడే అర్థమైంది. సార్వా (వానాకాలం వరి) ఎప్పుడు, దాళ్వా (రెండో పంట వరి) ఎప్పుడు అని ఈ డెల్టాలో పుట్టినవాళ్ళకి ఒకళ్ళు చెప్పాలా? ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి కాలువ నీళ్ళని బట్టి, గాలిని బట్టి మనకి ప్రతి పంటకీ ఒక అదను ఉంది. ఊరు కాని ఊరి మొక్క వచ్చేసరికి అదంతా మర్చిపోయి పేకెట్ వెనకాల రాసింది చదువుతున్నాం. దాళ్వాకి నారుమళ్ళు పోసే రోజులే దీనికీ అదను. తుఫాను భయం కాస్త తగ్గి, పొద్దున్నే మంచు పట్టడం మొదలైన రోజులు, కార్తీకం రెండో పక్షం నుంచి మార్గశిరం మొదటి పక్షం దాకా. ఆ రోజుల్లో మనకి రాత్రిళ్ళు 20 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, పగలు 30 లోపే ఉంటుంది. వాళ్ళ వసంతం మనకి అప్పుడు వస్తుందన్నమాట.

మరుసటి ఏడాది కార్తీకంలో నేను చేసింది వివరంగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందుగా గింజల్లో సగం తీసి, తడిపి గట్టిగా పిండిన పాత నూలు గుడ్డలో పరిచి మడతపెట్టి, జిప్ కవర్లో వేసి ఫ్రిజ్‌లో కూరలు పెట్టే అరలో రెండు వారాలు ఉంచాను. గడ్డకట్టే పై అరలో కాదు, కింద. చలికాలం మంచు కింద పడుకుని లేచే గింజ కాబట్టి ఆ చల్లదనం తగిలితే త్వరగా లేస్తుంది. ఇది తప్పనిసరి కాదు, ఫ్రిజ్‌లో పెట్టని సగమూ మొలిచాయి, కాకపోతే పెట్టినవి పది రోజుల్లో దాదాపు ఒకేసారి లేస్తే, పెట్టనివి మూడు వారాలపాటు ఒకటీ అరా లేస్తూ వచ్చాయి.

మట్టి విషయంలో మాత్రం రాజీ పడకండి. మన నల్లమట్టి ఒక్కటే పనికిరాదు. లంక నేలలో ఉండే తేలికైన ఒండ్రు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపాను. కోనసీమలో కొబ్బరి పొట్టుకి కొదవలేదు, పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా ఉంటుంది, కానీ తెచ్చింది తెచ్చినట్టు వేయకండి, అందులో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి పిండి అప్పుడు కలపాలి. మా చుట్టాలు సముద్రం వైపు అల్లవరం పక్కన ఉంటారు, వాళ్ళ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతాయి, అలాంటిచోట నారుకి బోరు నీళ్ళు పోస్తే ఆకు అంచులు మాడిపోతాయి, కాలువ నీళ్ళో పట్టి ఉంచుకున్న వాన నీళ్ళో వాడుకోవాలి.

గింజ గోధుమ రంగులో, జీలకర్రకంటే చిన్నగా, గీతలు గీతలుగా ఉంటుంది. ట్రేలో నింపిన తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా ఒత్తి వదిలేయాలి. పైన మట్టి వేయకూడదు. నీళ్ళు చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి, ఇస్త్రీకి బట్టల మీద నీళ్ళు చల్లే స్ప్రే సీసా ఉంటుంది కదా, దానితో పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి చల్లితే చాలు. ఇంకొకటి, చీమలు. మొదటి రాత్రే ఎర్ర చీమలు బారుకట్టి గింజలు మోసుకుపోతుంటే మా అత్తయ్య గారు చూసి పిలిచారు. ఆవిడే ఉపాయం చెప్పారు. పాలగిన్నెకి చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో పెడతాం కదా, అలాగే ట్రేని నాలుగు ఇటుక ముక్కల మీద పెట్టి కింద వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోశాం. ఆ నీళ్ళు రోజూ పారబోసి మార్చాలి సుమండీ, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

తొమ్మిదో రోజు పొద్దున్న మంచు ఇంకా విడవలేదు, మా అమ్మాయి ట్రే మీదకి వంగి "అమ్మా, రెండు ఆకులు!" అని అరిచింది. గోరు గీసినంత ఆకులు రెండేసి, కాడ లేత ఊదా రంగులో ఉంది. వాటి మధ్యలోంచి వచ్చే మూడో ఆకు నుంచి అంచుకి పళ్ళు మొదలవుతాయి. డాండెలియన్ అన్న పేరే ఫ్రెంచి వాళ్ళ మాట, సింహం పన్ను అని అర్థమట, ఆకు పెరిగాక ఆ పళ్ళ కొసలు చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

మూడు నాలుగు ఆకులు రాగానే మార్చేయాలి, ఆలస్యం చేస్తే కష్టం. ఎందుకంటే దీనికి పైన ఉన్నది తక్కువ, కింద ఉన్నది ఎక్కువ. ముల్లంగిలా ఒకే తల్లివేరు నిటారుగా దిగుతుంది, నెల దాటాక పీకితే తెగుతుంది. అందుకని వెడల్పు తక్కువైనా లోతు ఉన్న పాత్ర కావాలి. మేము పెయింట్ డబ్బాలకి, 20 లీటర్లవి, అడుగున మేకు కాల్చి చిల్లులు పెట్టి వాడాం. ఖాళీ అయిన 25 కేజీల బియ్యం సంచి అయినా బాగుంటుంది. కనీసం అడుగు లోతు మట్టి ఉండాలి. మిద్దె మీద తోటలకని అమ్మే నాలుగంగుళాల ట్రేలలో ఇది ఎదగదు. డబ్బాకి ఒకటి రెండు మొక్కలు చాలు. పొద్దుటి ఎండ పదింటి దాకా తగిలి, తర్వాత కొబ్బరి చెట్టు నీడ పడేచోట పెట్టాం. కొబ్బరి నీడ చిక్కటి నీడ కాదు, గాలికి కదులుతూ ఎండా నీడా కలిసి పడుతుంది, దీనికి అదే సరిపోయింది. నత్తలు ఒకటి రెండు రాత్రులు ఆకులు కొట్టేశాయి, చేత్తో ఏరి పారేశాం. పేనుబంక పడితే వేపనూనె చుక్కలు సబ్బు నీళ్ళలో కలిపి చల్లాం, పోయింది.

ఇక పువ్వు. పదిహేను మొక్కల్లో ఆ ఏడాది పూసినవి మూడే. మిగతావి ఆకులు వేసి ఊరుకున్నాయి. సంక్రాంతి వెళ్ళి నెల తిరిగాక, మాఘంలో, ఆకుల గుండె మధ్యలో శనగ గింజంత పచ్చటి మొగ్గ కనపడింది. దాని కాడ వారం రోజుల్లో జానెడు లేచింది. ఆకు లేని కాడ, లోపల గొట్టంలా ఖాళీ, తుంచితే తెల్లగా పాలు కారతాయి. (ఈ పాలు ఊరికే పోయేవి కావండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రబ్బరు దొరక్క రష్యా వాళ్ళు దీని చుట్టం రకాన్ని ఒకదాన్ని పొలాల్లో పెంచి వేళ్ళలోంచి రబ్బరు తీశారు.) ఒక కాడకి ఒకటే పువ్వు. పసుపు ముద్దలాంటి పసుపు. పొద్దెక్కాక విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది, మబ్బు పట్టినా ముడుచుకుంటుంది. ఒక రెండు మూడు రోజులు అలా తెరిచి మూసి, ఇక తెరవకుండా బిగుసుకుని, కాడ పక్కకి వాలిపోయింది. అయ్యో ఎండిపోయిందని మా అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. నాకూ అప్పటికి తెలియదు, అది ఎండిపోవడం కాదట, లోపల గింజ తయారవుతోంది. పది రోజులకి ఆ కాడే మళ్ళీ నిలబడింది, ముందుకంటే ఎత్తుగా, చివర చిన్న తెల్ల కుచ్చు పట్టుకుని.

అది విచ్చుకున్న పొద్దున్న మా అమ్మాయిని స్కూలుకి పంపలేదు. ఎనిమిది గంటల వేళ, మంచు ఆరి ఎండ తగిలాక, ఆ కుచ్చు మెల్లగా వెనక్కి విడిపోయి బంతి అయింది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది దూది కాదండి, ఒక్కొక్క గింజకీ దారంలాంటి సన్నటి కాడ, దాని కొసన గొడుగు ఊచల్లా తెల్లటి వెంట్రుకలు, అలాంటి గొడుగులు వంద పైనే ఒకదానికొకటి తగిలీ తగలనట్టు గుండ్రంగా అమరి ఉన్నాయి, వాటి మధ్యలోంచి అవతల గోడ కనపడుతోంది. మా అమ్మాయి ముట్టుకోవడానికి భయపడింది. తర్వాత రెండు చేతులతో కాడ పట్టుకుని కళ్ళు మూసుకుని ఊదింది. సగం లేచాయి, ఒకటి రెండు మా అత్తయ్య గారి తెల్ల జుట్టులో చిక్కుకున్నాయి, ఆవిడ తీయనివ్వలేదు, ఉండనీ అన్నారు. ఆ గొడుగు అంత నెమ్మదిగా ఎందుకు దిగుతుందో కూడా చదివి తెలుసుకున్నాం. 2018లో ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ళు కనిపెట్టారు, ఆ వెంట్రుకల సందుల్లోంచి గాలి పోయి పైన ఉంగరంలా సుడి కడుతుందట, ఆ సుడే గింజని పట్టి ఉంచుతుందట. మా అమ్మాయి దాన్ని సైన్స్ నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంది.

మిగతా రెండు పువ్వుల గింజలు విచ్చుకోక ముందే పల్చటి గుడ్డ కట్టి పట్టి ఉంచాను. ఒక్క మొక్క ఉన్నా గింజ కడుతుంది, చాలా రకాల్లో పుప్పొడి అంటుకోవాల్సిన పనే లేదు. ఫాల్గుణం వచ్చేసరికి ఆకులు ముదిరి చేదెక్కాయి, ఏప్రిల్ ఎండలకి చాలావరకు పోయాయి. బావి పక్కన పూర్తి నీడలో పెట్టిన రెండు డబ్బాల్లో మాత్రం ఆకులన్నీ ఎండినా వేరు బతికి, వానలు తగ్గాక మళ్ళీ చిగురు పెట్టాయి. చల్లటి దేశాల్లో ఏళ్ళ తరబడి బతికే మొక్క ఇది, మన దగ్గర మాత్రం చలి పంట కిందే లెక్క వేసుకోవాలి. అలా అనుకుని వేస్తే నిరాశ ఉండదు.

తినడం గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. ఆకు, పువ్వు, వేరు అన్నీ తినేవే. కాశ్మీరులో దీన్ని హంద్ అంటారు, ఆకుకూరగా వండుకుంటారు. వేరు వేయించి పొడి చేసి కాఫీలా తాగే దేశాలున్నాయి. మన కాఫీ పొడిలో కలిపే చికోరీ దీనికి దగ్గరి చుట్టమే. ఆకు మొగ్గ వేయక ముందు లేతగా ఉన్నప్పుడు కోస్తే మెంతికూరంత చేదు, పువ్వు వచ్చాక కాకరకాయని మించిపోతుంది. కోసే ముందు నాలుగైదు రోజులు మొక్క మీద కుండ బోర్లిస్తే ఆకు తెల్లబడి చేదు తగ్గుతుంది. మా ఇంట్లో గుప్పెడు ఆకు ఒక పొంగు ఉడికించి నీళ్ళు వార్చి, తోటకూరతో కలిపి పెసరపప్పులో వేసి, దింపేముందు పచ్చి కొబ్బరి కోరు చల్లాను. మా ఆయన, మామయ్య గారు మళ్ళీ వేయించుకున్నారు, పిల్లలు ముట్టలేదు. రోజూ తినే కూర అనుకోకండి, దానికి మన పొన్నగంటి కూర ఉంది, గంగవాయిలి ఉంది, గలిజేరు ఉంది, అవి అడక్కుండానే గట్టున మొలుస్తాయి.

మీ పేజీలో రాసిన లివర్ మాట మాత్రం నాకు చాలా బాధ కలిగించింది, ఇది సవరించి వేయాలి. మా వీధిలో ఒకాయనకి కళ్ళు పచ్చబడ్డాయి. నా దగ్గర ఈ మొక్క ఉందని తెలిసి వాళ్ళావిడ వచ్చి, "పేపర్లో వేశారటండి, నాలుగు ఆకులు ఇవ్వండి, పసరు తీసి పోస్తాను" అంది. నేను ఇవ్వలేదు. ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళమ్మా, రక్త పరీక్ష చేయించు, ఆకు తర్వాత చూద్దాం అని కూర్చోబెట్టి చెప్పాను, వెళ్ళారు, మందులు వాడి కోలుకున్నాడు. డాండెలియన్ ఆకులో విటమిన్ ఎ, విటమిన్ కె బాగా ఉన్న మాట నిజమే. కామెర్లు తగ్గిస్తుందని, లివర్ జబ్బు నయం చేస్తుందని ఎక్కడా రుజువు కాలేదు. పైగా ఆ విటమిన్ కె వల్లే గుండె ఆపరేషన్ అయి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దీన్ని తినకూడదు, మాత్ర పనిచేయడంలో తేడా వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు కూడా అడిగే తినాలి. వయ్యారిభామ మొక్క పడక ఒంటిమీద దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, రెండూ ఒకే కుటుంబం, వాళ్ళకి ఇదీ పడకపోవచ్చు. ఈ నాలుగు వాక్యాలూ ఆ మొక్క గురించి వేసినచోటే వేయాలండి, పేపర్లో వచ్చిందంటే మా ఊళ్ళో డాక్టర్ చెప్పినట్టే.

మీ పేజీలో వేసిన ఫొటో కూడా డాండెలియన్ కాదు. అది మన గడ్డి చామంతి, దెబ్బ తగిలితే ఆకు నలిపి పిండే గాయపాకు. దానికీ చిన్న కుచ్చు గింజలు ఎగురుతాయి గనక పొరపాటు పడడం సహజం. గడ్డి చామంతి కాడకి నూగు ఉంటుంది, నేల మీద పాకుతుంది, పువ్వుకి చుట్టూ నాలుగైదు తెల్ల రేకలే ఉంటాయి. డాండెలియన్ ఆకులన్నీ నేలకి ఆనుకుని చక్రంలా పరుచుకుంటాయి, మధ్యలోంచి ఆకులేని బోలు కాడ, దాని మీద ఒకే ఒక పసుపు పువ్వు. పేకెట్ మీద నీలం డాండెలియన్, రంగురంగుల డాండెలియన్ అని బొమ్మలు వేసి అమ్ముతున్నారు, నీలం డాండెలియన్ లేదు, డబ్బులు పారేసుకోకండి. అలాగే అమెరికా నుంచి వచ్చే పిల్లలచేత సూట్‌కేసులో విత్తనాలు తెప్పించుకుంటున్నారు మా వైపు. మన దేశంలోకి బయటి విత్తనం రావాలంటే పరీక్ష, పర్మిట్ ఉండాలని 2003 నుంచి ఉత్తర్వు ఉంది, విత్తనంతో పాటు తెగులూ వస్తుంది. ఇక్కడ దొరికేవే కొనుక్కోవాలి.

అది పాకిపోదా అని కూడా కొందరు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. గుర్రపుడెక్కని ఈ దేశానికి పువ్వు అందంగా ఉందనే తెచ్చారు, ఇప్పుడు మన కాలువల్లో పడవ కదలదు, లాకుల దగ్గర ఏటా తీయిస్తున్నా తరగదు. డాండెలియన్‌కి మన ఎండలు అంత చోటు ఇవ్వవని నా అనుభవంలో చూశాను, అయినా వేరు ముక్క మిగిలితే మళ్ళీ లేచే గుణం దానిది, అందుకే నేలలో కాకుండా డబ్బాల్లోనే పెంచుతున్నాను, పిల్లలు ఊదడానికి ఒకటి వదిలి మిగతా పూలకి గుడ్డ కడుతున్నాను. చల్లగా ఉండే మన్యం వైపు వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

నేను అడిగేది ఒక్కటేనండి. మీ పెరటి తోటల పేజీలో బయటి మొక్క ఏది వేసినా, అది మన దగ్గర ఏ మాసంలో విత్తాలో రాయండి. వసంతం, శిశిరం అని కాదు, కార్తీకమా మార్గశిరమా, కోనసీమకా అరకుకా అని. కడియం నర్సరీల్లో ఏళ్ళ తరబడి చేతులు మట్టిలో పెట్టినవాళ్ళున్నారు, ఒక ఫోన్ చేసి అడిగితే చెబుతారు. డాండెలియన్ గురించి వేసినదానికి సవరణ మాత్రం కార్తీకం వచ్చాక వేస్తే లాభం లేదు, విత్తనం కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి రెండు వారాలు పడుతుంది, దసరా వెళ్ళగానే వచ్చే ఆదివారం వేయండి. మా ఊరి హైస్కూలు సైన్స్ మేడం గారు ఈసారి పిల్లలచేత నాలుగు డబ్బాలు పెట్టిస్తామన్నారు, మా మొక్కల గింజలు వాళ్ళకి పొట్లం కట్టి ఉంచాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అంబాజీపేట మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.